పిల్లికో గుప్పెడు గోధుమలు

"గడ్డి బర్రెకు ఏస్తరు గని, పిల్లికి ఏస్తరా బిడ్డా?"

కామారెడ్డి జిల్లా బీబీపేటలో మా వాడకట్టున ఉండే ఒక అత్తమ్మ నన్నడిగిన మాట ఇది. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, ఆకు చుడుతూ, తలెత్తకుండానే అడిగింది. నేనప్పుడు గోడ పక్కన గొంతుక్కూర్చుని ఒక మట్టి కంచుడులో నానిన గోధుమలు పరుస్తున్నాను. "తింటది అత్తమ్మా, నువ్వే చూస్తవు" అన్నాను. పది రోజులు గడిచాక ఆమే నన్ను కేకేసి పిలిచింది. వాడంతా తిరిగే బూడిదరంగు పిల్లి కంచుడు ముందు కూర్చుని, మెడ ఓ పక్కకు వంచి, దవడ పళ్లతో ఒక్కో పోచనూ తెంపుతోంది. కరుకు కరుకుమని చప్పుడు కూడా వినబడుతోంది. అత్తమ్మ చేతిలోని బీడీ సగంలో ఆగిపోయింది. "ఇన్నేండ్ల సంది చూస్తున్న, గిది సూడలే" అంది.

ఆ పిల్లి నాది కాదు, ఆమెదీ కాదు. ఊళ్లో పిల్లులకు సొంతదారులు తక్కువ. ఒక ఇంట్లో పాలు తాగుతుంది, ఇంకో ఇంటి అటక మీద పిల్లలు పెడుతుంది, మూడో ఇంటి వడ్ల బస్తాల దగ్గర ఎలుకల కోసం రాత్రంతా కాపు కాస్తుంది. అందరి పనీ చేసి ఎవరి లెక్కలోనూ లేకుండా బతుకుతుంది. అలాంటి పిల్లి కోసం మనం చేయగల ఒక చిన్న పని గురించి ఈ అధ్యాయం. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. రెండు వారాలకోసారి, ఒక పావుగంట, మరిచిపోకుండా చేయాలి. కష్టమంతా ఆ 'మరిచిపోకుండా'లోనే ఉంది.

పిల్లి గడ్డి ఎందుకు తింటుంది

మన దగ్గర పెద్దలు చెప్పే జవాబు ఒకటే: కడుపు బాగాలేకపోతే కక్కుకోవడానికి తింటుంది. ఇందులో కొంత నిజముంది. కానీ అసలు సంగతి అంతకంటే పెద్దది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో బెంజమిన్ హార్ట్ బృందం వెయ్యి మందికి పైగా పిల్లుల యజమానులను అడిగి తెలుసుకున్న వివరాలను 2019లో వెల్లడించింది. రోజుకు కనీసం మూడు గంటలు తమ పిల్లిని చూస్తూ గడిపేవాళ్లనే అడిగారు. 71 శాతం పిల్లులు కనీసం ఆరుసార్లు ఆకో గడ్డో తింటూ కనబడ్డాయి. అసలే తింటూ కనబడనివి 11 శాతం. గడ్డి తినే ముందు పిల్లి జబ్బుగా కనిపించలేదని 91 శాతం మంది చెప్పారు. తిన్నాక తరచూ కక్కేవి నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

అంటే గడ్డి తినడం రోగ లక్షణం కాదు, పిల్లి పుట్టుకతో తెచ్చుకున్న అలవాటు. అడవిలో ఉన్న దాని పూర్వీకులు పేగుల్లోని పురుగులను బయటికి తోసుకోవడానికి పీచు ఆకులు మింగేవనీ, ఆ అలవాటు ఇంటి పిల్లికీ మిగిలిందనీ హార్ట్ బృందం వివరణ. అడవిలో చింపాంజీలు గరుకు ఆకులను నమలకుండా మింగి పురుగులను వదిలించుకోవడం శాస్త్రవేత్తలు కళ్లారా చూసిందే, కాబట్టి ఈ వివరణ నాకు నమ్మదగినదిగానే తోస్తుంది. మన ఊరి పిల్లి ఎలుకను తింటుంది, తొండను తింటుంది, చెరువు కట్ట మీద చేపల పొట్టలు తింటుంది. దాని కడుపులో పురుగులు ఉండడంలో వింతేముంది?

ఒక్క విషయం ఇక్కడే తేల్చేద్దాం. గడ్డి పిల్లికి తిండి కాదు. పిల్లి పక్కా మాంసాహారి. పాలన్నంతో కడుపు నింపి, పక్కన గడ్డి పెట్టి మంచి పని చేశామనుకుంటే పొరపాటు. మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం చాలకపోతే పిల్లి కంటిచూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లో డేవిస్‌లోనే బయటపడింది. చేప తల, కోడి కాలేయం, గుడ్డు, ఏది వీలైతే అది పెట్టండి. గడ్డి ఆ పక్కన ఉండేది మాత్రమే.

ఊరి నిండా గడ్డి ఉండగా

ఇది అందరూ అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉండే పిల్లికి గడ్డి పెంచమంటే అర్థముంది. బీబీపేటలో గడప దాటితే గరిక, గట్టు ఎక్కితే పచ్చిక. బయట తిరిగే పిల్లికి మనం వేరే గడ్డి పెంచడమెందుకు?

నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. తర్వాత ఒక వానాకాలం మా ఇంటి వెనక మక్క చేను వైపు తిరిగే పిల్లి ఒకటి రెండు రోజులు నోటి వెంట నురగ కార్చి, మూడో రోజు కనబడకుండా పోయింది. ఏం తిన్నదో నాకు తెలియదు. కానీ ఆ వారమే గట్ల మీద గడ్డి మందు కొట్టారన్నది మాత్రం తెలుసు. అప్పటి నుంచి ఊళ్లో గడ్డిని చూసే తీరు మారింది.

ఇదివరకు గట్టు మీద గడ్డిని కొడవలితో కోసి బర్రెలకు వేసేవాళ్లు. ఇప్పుడు కోసే మనిషి దొరకడు, డబ్బా మందు దొరుకుతుంది. పారాక్వాట్ కొడితే గడ్డి ఒకటి రెండు రోజుల్లో మాడిపోతుంది. గ్లైఫోసేట్ అలా కాదు. అది కొట్టాక వారం దాకా గడ్డి పచ్చగానే కనిపిస్తుంది. మనకే తేడా తెలియదు, పిల్లికేం తెలుస్తుంది? పైగా పిల్లి ఆ గడ్డిని తినాల్సిన అవసరం కూడా లేదు. అందులోంచి నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, కాళ్లూ ఒళ్లూ నాలుకతో శుభ్రం చేసుకుంటే చాలు, మందు కడుపులోకి పోయినట్టే. మన పిల్లులు శుభ్రతకు పెట్టింది పేరు. ఆ శుభ్రతే వాటి మీదికి వస్తోంది.

నారుమడి ఇంకో ప్రమాదం. లేతగా, మెత్తగా, వరుసగా ఉన్న వరి నారు పిల్లికి నోరూరించేలా ఉంటుంది. నారుమడిలో పురుగు కోసం గుళికలు చల్లే అలవాటు చాలామందికి ఉంది. ఇక ఎండాకాలంలో ఏ మందూ కొట్టకపోయినా గట్లు ఎండి పచ్చిపోచ కనబడదు. అప్పుడు పిల్లి పెరట్లో ఏది పచ్చగా ఉంటే దాన్ని కొరుకుతుంది. మన పెరళ్లలో ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది గన్నేరు. తెల్లదైనా ఎర్రదైనా గన్నేరు ఆకు గుండెను ఆపే విషం. ఉమ్మెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి బయట తిరిగే పిల్లికి గడ్డి కరువు లేదు, నమ్మదగిన గడ్డికే కరువు. ఇంటి దగ్గర మందు ఎరుగని లేత పచ్చిక దొరికితే అది గట్టు దాకా పోవడం తగ్గుతుంది. పూర్తిగా మానేస్తుందని నేను మాట ఇవ్వలేను. తగ్గుతుందని మాత్రం చూసి చెబుతున్నాను.

తండాల్లో ఎప్పటి నుంచో ఉన్న విద్య

గోధుమ మొలకలు పెంచడం మనకు కొత్త అనుకుంటాం. కాదు. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట వైపు ఏ లంబాడా తండాకైనా శ్రావణ మాసంలో వెళ్లి చూడండి. తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. చివరి రోజుకు బుట్టలన్నీ ఒత్తుగా, లేత పచ్చగా నిండి ఉంటాయి. ఊరేగింపుగా తీసుకెళ్లి చెరువులోనో వాగులోనో నిమజ్జనం చేస్తారు.

ఆ బుట్ట పవిత్రమైనది, దాన్ని పిల్లికి పెట్టమని అనడం లేదు. ఆ చేతుల్లో ఉన్న నేర్పు చూడమంటున్నాను. ఏ మట్టి తీసుకోవాలి, గింజ ఎంత ఒత్తుగా చల్లాలి, నీళ్లు ఎన్నిసార్లు పోయాలి, ఎన్ని రోజులకు ఎంత ఎత్తు వస్తుంది, ఇవన్నీ ఆ పిల్లలకు నోటికి వచ్చు. పిల్లి గడ్డికి కావలసింది కూడా సరిగ్గా అదే తొమ్మిది రోజుల పైరు. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు చల్లి మొలకెత్తించే అంకురార్పణా ఆ కోవలోదే. మొదటిసారి నా గింజలు కుళ్లిపోయినప్పుడు తండా నుంచి మా ఊళ్లో పనికి వచ్చే ఒక చెల్లె కంచుడు చూసి, "అన్నా, నీళ్లు పోస్తున్నవా, చెరువు నింపుతున్నవా?" అంది. నేను వేసింది నల్లమట్టి, అది నీటిని పట్టి ఉంచింది. మట్టి మార్చాను. ఆ ఒక్క తేడాతో నా పని చక్కబడింది.

ఏ గింజ

మన ప్రాంతంలో అందరికీ మొదట గుర్తొచ్చేది జొన్న. జొన్న వేయకండి. పశువులు కాసిన పెద్దవాళ్లను అడిగితే నాము గురించి చెబుతారు. జొన్న కోశాక మోళ్ల నుంచి వచ్చే లేత పిలకే నాము. దాన్ని మేసిన ఆవు వణికి, ఊపిరందక, చూస్తుండగానే పడిపోవడం వాళ్లు చూసి ఉంటారు. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలినప్పుడు అది విడిపోయి సయనైడ్ పుడుతుంది. మొక్క ఎంత లేతగా ఉంటే విషం అంత ఎక్కువ, నీటి ఎద్దడి ఉంటే ఇంకా ఎక్కువ. మనం పిల్లికి పెట్టబోయేదే వారం రోజుల లేత మొక్క. అది తినేది నాలుగు పోచలే కావచ్చు. అయినా గోధుమ చేతికి దొరుకుతుండగా జొన్నతో పని లేదు.

మక్కలు కూడా వద్దు. విత్తనాల దుకాణంలో కొన్న మక్క గింజ ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటుంది. అది పురుగుకూ బూజుకూ పట్టించిన మందు రంగు. పొలానికి తెచ్చిన విత్తనంలో మిగిలినవి కదా అని ఏ రంగు పూసిన గింజనూ పిల్లి కంచుడులో వేయకూడదు.

బార్లీ మంచిదే. కానీ కిరాణా కొట్లో దొరికే బార్లీ పొట్టు తీసి పాలిష్ పట్టింది, దాని మొలక మొన పోయి ఉంటుంది. నేను అరకిలో తెచ్చి, నానబెట్టి, నాలుగు రోజులు చూశాను. ఒక్కటీ మొలవలేదు, పులిసిన వాసన వచ్చింది. ప్యాకెట్ ఓట్సూ అంతే, ఆవిరి పట్టి అణిచినవి మొలవవు. పొట్టుతో ఉన్న ఓట్స్ గింజలు పశుగ్రాసపు విత్తనంగా దొరుకుతాయి. దొరికితే, మందు పట్టించనివైతే, గోధుమ కంటే మెత్తని ఆకు వస్తుంది.

మిగిలింది గోధుమ. గిర్నీలో పట్టించుకోవడానికి కిరాణా కొట్లో అమ్మే మామూలు గోధుమలే చాలు. ముందుగా 20 గింజలు తడిగుడ్డలో చుట్టి మూడు రోజులు ఉంచండి. 15కు తగ్గకుండా మొలిస్తే ఆ బస్తా మంచిది. లేకపోతే కొట్టు మార్చండి.

ఇక్కడే ఇంకో మాట. పట్నం దుకాణాల్లో పిల్లుల కోసం అమ్మే క్యాట్‌నిప్ వేరు, ఇది వేరు. అది పుదీనా కుటుంబపు మొక్క. దాని వాసనకు పిల్లి మత్తుగా దొర్లుతుంది. మన దగ్గర అలాంటి పని చేసేది కుప్పింటాకు. కొందరు మురిపిండి అంటారు. వేరు పెరికిన కుప్పింటాకు చుట్టూ పిల్లులు చేరి ఒళ్లు రుద్దుకోవడం మీరూ చూసి ఉండవచ్చు. పిల్లికి అది ఆట. దాన్ని మేతగా పెంచకండి.

విత్తే పని

పాత్ర బరువుగా, వెడల్పుగా ఉండాలి. పిల్లి పోచను పట్టి లాగుతుంది, ఒక్కోసారి గడ్డి మీదే ఎక్కి కూర్చుంటుంది. జానెడు వెడల్పు, నాలుగు వేళ్ల లోతు ఉన్న మట్టి కంచుడు నాకు బాగా కుదిరింది. ఐదు లీటర్ల నూనె డబ్బాను అడ్డంగా కోసి, అడుగున కాల్చిన మేకుతో ఏడెనిమిది రంధ్రాలు చేసి, చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చినా పనవుతుంది. బీడీల పనికి వాడి పక్కన పడేసిన చాటలు, డబ్బాలు మాత్రం వద్దు. వాటికి తంబాకు పొడి పట్టి ఉంటుంది. నికోటిన్ పిల్లికి విషం.

మట్టి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల పెంట, ఒక పాలు ఇసుక. పుట్టమన్ను దొరికితే ఎర్రమట్టి బదులు అదే వేయండి. మక్క చేను నుంచి మట్టి తేవద్దు. మక్కలో కలుపు రాకుండా కొట్టే అట్రాజిన్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. మక్కకు ఏమీ కాదు గానీ గోధుమ మొలక దానికి తట్టుకోలేక, వచ్చిన వారానికే అంచులు మాడి చనిపోతుంది. ఎందుకు చచ్చిందో తెలియక మనం నీళ్లను తిట్టుకుంటాం.

రాత్రి పడుకునే ముందు గుప్పెడు గోధుమలు, ఉజ్జాయింపుగా 50 గ్రాములు, నీళ్లలో వేయండి. తేలినవి తీసేయండి. పొద్దున నీళ్లు వంచి, తడిగుడ్డలో మూట కట్టి నీడన పెట్టండి. మరునాటికి తెల్లటి మొన కనిపిస్తుంది. అప్పుడు మట్టి తడిపి, గింజ పక్కన గింజ తగిలేలా ఒక్క వరుసగా పరచండి. గింజ మీద గింజ పడకూడదు. పైన సన్నని మట్టి గింజ కనబడనంత మేర చల్లి, తడి గోనెసంచి ముక్క కప్పండి. మూడో రోజు గోనె ఎత్తి చూస్తే లేత పసుపు ముళ్లలా లేచి ఉంటాయి. అప్పుడు గోనె తీసేయాలి. ఆలస్యమైతే పాలిపోయి పడిపోతాయి. వెలుగు తగిలిన సాయంత్రానికే పచ్చబడతాయి.

రెండో మూడో రోజున వేరు చుట్టూ తెల్లటి నూగు చూసి బూజనుకుని పారేసేవాళ్లు ఎక్కువ. నేనూ ఒకసారి మంచి పైరును పెంటలో పోశాను. వేరుకు వచ్చే సన్నని నూగు ఒక్కో వేరునే అంటిపెట్టుకుని ఉంటుంది, నీళ్లు చిలకరిస్తే అణిగి మాయమవుతుంది. బూజు గింజకూ గింజకూ మధ్య సాలెగూడులా అల్లుకుంటుంది, నీళ్లకు పోదు, ముక్కిన వాసన వస్తుంది. అది బూజే అయితే మొహమాటం లేకుండా మొత్తం తీసేసి, పాత్రను వేడినీళ్లతో కడిగి, మళ్లీ మొదలుపెట్టండి. బూజు పట్టిన గడ్డి పిల్లికి పెట్టకూడదు.

నీళ్లు పొద్దున ఒకసారి. వేలు మొదటి కణుపు దాకా గుచ్చి చూసి, తడి తగిలితే ఆ పూట మానేయండి. ఎనిమిది తొమ్మిది రోజులకు అరచేతి వెడల్పంత ఎత్తు వస్తుంది. ఇక పిల్లిది. రెండు వారాలకు పైగా ఇస్తుంది. మొదళ్లు పసుపురంగు తిరిగితే దాని పని అయిపోయినట్టే.

కోళ్లు, కోతులు

పట్నం వాళ్లు రాసిన పుస్తకాల్లో ఈ భాగం ఉండదు. ఊళ్లో గోధుమ గింజ పరిస్తే ముందు వచ్చేది పిల్లి కాదు, కోడి. తర్వాత పిచ్చుక, రాత్రికి ఎలుక. కామారెడ్డి జిల్లాలో కోతుల బాధ గురించి నేను కొత్తగా చెప్పాలా? మొదటి నాలుగు రోజులు కంచుడు మీద గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టండి.

పచ్చబడ్డాక కోళ్ల జాలీని కంచుడు మీద బిగువుగా పరిచి అంచుల కింద తీగతో కట్టేయండి. గడ్డి జాలీ కన్నుల్లోంచి పైకి వస్తుంది. కోడి కాలితో గీరలేదు, మేక మొదలంటా పీకలేదు, పిల్లికి మాత్రం పైకొచ్చిన కొసలు హాయిగా అందుతాయి. జాలీ వల్ల ఇంకో మేలుంది. మెత్తటి మట్టి కనబడితే పిల్లి దాన్ని మలవిసర్జనకు వాడుకోబోతుంది. జాలీ ఉంటే తవ్వదు. కోతి మాత్రం జాలీకి కూడా లొంగదు. కోతులు తిరిగే వేళల్లో కంచుడును లోపలి వాకిట్లోకి జరిపి, చీకటి పడ్డాక బయట పెడుతున్నాను. పిల్లి ఎలాగూ రాత్రి మనిషే.

ఎక్కడ పెట్టాలన్నది పిల్లినే అడగాలి. రెండు రోజులు చూడండి, అది ఏ గోడ మీంచి దిగి, ఏ మూల నుంచి పోతుందో తెలుస్తుంది. ఆ దారి పక్కనే, సగం పూట నీడ పడే చోట పెట్టండి. నాలుగైదు పిల్లులు తిరిగే వాడైతే ఒక పెద్ద పాత్ర కంటే దూరదూరంగా మూడు చిన్నవి మేలు. ఒక పిల్లి కాపు కాసిన చోటికి ఇంకొకటి రాదు.

వానాకాలంలో రేకుల పంచ కింద పెట్టాలి, లేకపోతే ఒక్క వానకే గింజ మునిగి కుళ్లుతుంది. చలికాలం గోధుమకు పుట్టినిల్లు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా గట్టిగా, ముదురు పచ్చగా వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కార్తీకంలో మొదలుపెట్టండి. ఎండాకాలమే పరీక్ష. 40 డిగ్రీలు దాటితే నానబెట్టిన గింజ మూటలోనే పులుస్తుంది. కుండ నీళ్లలో నానబెట్టండి, నాలుగైదు గంటలు చాలు. గింజలు పలచగా చల్లండి, ఉత్తరం గోడ నీడన పెట్టండి, పొద్దున సాయంత్రం నీళ్లు చిలకరించండి. రెండు విత్తుల్లో ఒకటి పోయినా బాధపడకండి. పిల్లికి అసలు అవసరం ఆ నెలల్లోనే, గట్లన్నీ ఎండి గన్నేరు ఒక్కటే పచ్చగా ఉన్నప్పుడు.

చూస్తూ ఉండవలసినవి

గడ్డి తిని ఒకసారి నురగతో కక్కి, వెంటనే తన దారిన తాను పోతే అది మామూలే. పదే పదే కక్కుతున్నా, చొంగ కారుతున్నా, వణుకుతున్నా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా గడ్డి మీదికి నెపం నెట్టి కూర్చోవద్దు. మందు కొట్టిన గడ్డో, ఎలుకల మందు తిన్న ఎలుకో కారణం కావచ్చు. పశువుల దవాఖానకు తీసుకెళ్లండి, ఊళ్లో ఆ వారం ఎక్కడ ఏ మందు కొట్టారో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క వివరం వైద్యాన్ని మార్చేస్తుంది. తిన్నప్పటి నుంచి ఆగకుండా తుమ్ముతూ, గొంతు సవరించుకుంటూ ఉంటే పోచ ముక్కు వెనక ఇరుక్కుని ఉండవచ్చు, అదీ డాక్టరు తీయాల్సిందే. మలద్వారం నుంచి పోచ వేలాడుతుంటే పట్టి లాగకండి. లోపల పేగు తెగవచ్చు.

పిల్లి ఆ మట్టిలో మలవిసర్జన చేసి ఉండవచ్చు కాబట్టి కంచుడు ముట్టాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఇంకొకరు చేయాలి.

అంగడి లెక్క

ఇప్పుడు అసలు కష్టానికి వద్దాం. మొదటి కంచుడు అందరూ పెంచుతారు. ఫోన్‌లో ఫోటో తీసి బంధువులకు పంపుతారు. మూడో కంచుడు దగ్గర చాలామంది ఆగిపోతారు. పిల్లి వచ్చి చూస్తుంది, ఎండిన మట్టి మాత్రం ఉంటుంది, మళ్లీ గట్టు దారి పడుతుంది. అలవాటు చేసి మానేయడం అసలు మొదలుపెట్టకపోవడం కన్నా చెడ్డదని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్త పనిని గుర్తు పెట్టుకోవాలని చూస్తే మరిచిపోతాం. ఎలాగూ మరిచిపోని పాత పనికి దాన్ని ముడివేయాలి. మన ఊళ్లో అంగడి రోజును ఎవరూ మరిచిపోరు. నేను విత్తడాన్ని అంగడికి కట్టేశాను. అంగడి నుంచి కూరగాయల సంచీ దింపగానే, సంచీ మడతపెట్టకముందే, గోధుమలు నానబోస్తాను. నాకు రెండు కంచుళ్లు ఉన్నాయి. ఒక అంగడికి ఒకటి, ఒక అంగడి విడిచి ఆ మరుసటి అంగడికి రెండోది. ఒకటి పసుపురంగు తిరిగే వేళకు ఇంకొకటి కోతకు వస్తుంది. తీసేసిన మట్టి నాలుగు రోజులు ఎండబెట్టి, కొంచెం పెంట కలిపితే మళ్లీ పనికొస్తుంది. ఇంట్లో పిల్లలుంటే నీళ్లు పోసే పని వాళ్లకు అప్పగించండి, కానీ విత్తే పని మీ చేతిలోనే ఉంచుకోండి. పిల్లలకు పరీక్షలు వస్తాయి, సెలవుల్లో అమ్మమ్మ ఊరికి పోతారు. పిల్లికి సెలవుల్లేవు.

ఓపిక ఇంకో చోట కూడా కావాలి. మొదటి కంచుడును పిల్లి ముట్టకపోవచ్చు. వాసన చూసి వెళ్లిపోతుంది. పట్టి తెచ్చి ముఖం గడ్డిలో పెట్టకండి, ఇక జన్మలో ఆ పక్కకు రాదు. నా దగ్గర ఒక నల్లపిల్లి ఆరు అంగళ్లు తిరిగాక గానీ నోరు పెట్టలేదు. నేను ఎదురుగా ఉన్నప్పుడు ఇప్పటికీ తినదు. పొద్దున లేచి చూస్తే కొసలు నున్నగా కాక, నమిలి చీల్చినట్టు ఉంటాయి. దాంతో వచ్చి వెళ్లిందని తెలుస్తుంది. నాకు ఆ గుర్తు చాలు.

అత్తమ్మ ఇప్పుడు తన వాకిట్లో కూడా ఒక కంచుడు పెట్టింది. పక్క రైతును పిలిచి, "గట్టుకు మందు కొట్టే ముందు ఓ మాట చెప్పు బిడ్డా, పిల్లులను రెండొద్దులు లోపల ఉంచుత" అని అడిగింది. అతను చెబుతున్నాడు కూడా. నాకు తోచని పని అది. మీరూ మీ పక్క పొలం వాళ్లను అలా అడగండి.

ఈ అంగడికి కూరగాయలతో పాటు పావుకిలో గోధుమలు తెచ్చుకోండి, ఐదు విత్తులకు వస్తాయి. ఆ రాత్రే ఒక గుప్పెడు నానబెట్టండి.